అటక మీది గదికి తలుపు

కెనడాలోని ఒషావాలో ఇల్లు కొన్నప్పుడు దిక్కులు చూసుకునే తీరిక మాకు లేదు. మా వెనక ఇంకా ఎంతోమంది కాచుకుని ఉన్నారని ఏజెంట్ తొందరపెడితే సంతకాలు పెట్టేశాం. ఇల్లు మాదైంది గానీ, గదులు ఒక్కొక్కటిగా స్టూడెంట్ల పాలయ్యాయి. మొదట బేస్‌మెంట్ అద్దెకిచ్చాం. ఆ ఏడాది కాలేజీల్లో చదవడానికి మనవాళ్లు తండోపతండాలుగా దిగారు. రూమ్ దొరకని ఇద్దరమ్మాయిలు "వారం రోజులే ఆంటీ" అంటూ సూట్‌కేసులతో వచ్చి మా పడకగదిలో స్థిరపడ్డారు. లోన్ వాయిదాకి వాళ్ల అద్దె అక్కరకొచ్చింది కాబట్టి మేమూ కదలమనలేదు. నేనూ మా ఆయనా హాల్లో పరదా కట్టుకుని పడుకునేవాళ్లం.

ఆ చలికాలంలోనే నాకు అయిదో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి పరదా వెనక పడుకున్నాను. అవతల మైక్రోవేవ్ గుయ్‌మంటోంది. ఒకరు షిఫ్టు నుంచి వస్తున్నారు, ఇంకొకరు వెళ్తున్నారు. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. ఒక గది ఉండి, దానికో తలుపుంటే, గడియ పెట్టుకుని ఏడవగలనేమో అనిపించింది.

"పైకప్పు కింద ఖాళీగా ఉన్న అటకని గదిగా మార్పిద్దామండీ. మనకే. ఎవరికీ ఇవ్వొద్దు" అన్నాను మా ఆయనతో.

ఆయన మారుమాట్లాడకుండా సరేనన్నాడు. పంజాబీ మేస్త్రీ ఒకాయన వచ్చి చూసి, హాలు మూల నుంచి నిటారుగా మెట్లు వేస్తే ఖర్చు కలిసొస్తుందని చెప్పాడు. ఆయన వేసిన లెక్క మా దగ్గరున్న డబ్బుకి సరిపోయింది. ఇంతలో మా ఆయన పిన్ని ఫోన్ చేసింది. "ఆ ఇంట్లో ఏదో దోషం ఉందిరా, మెట్లు పెట్టేముందు సిద్ధాంతిగారికి చూపించు" అంది. పొద్దస్తమానం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే మనిషి, హాలు మధ్య నిలబడి ఫోన్‌లో దిక్సూచి తెరిచి, ప్లాన్ మీద ఉత్తరానికి బాణం గీసి పంపించాడు. మేస్త్రీ చెప్పింది ఈశాన్యమట, అక్కడ బరువు పెట్టకూడదట. మెట్లు ఎదుటి మూలకు, నైరుతికి మార్చమన్నారు సిద్ధాంతిగారు. సరే, మార్పిద్దామన్నాను. కడుపు ఎందుకు పోయిందో డాక్టర్ చెప్పలేకపోయింది. మా ఆయనకి ఏదో ఒక కారణం కావాలి.

ఆ మూల ఇంటి కప్పుని మోసే గోడ ఉంది. దాన్ని తొలిచేందుకు దూలం, ఇంజనీరు, సిటీ వాళ్లకి మళ్లీ డ్రాయింగులు, ఖర్చు పెరుగుతూ పోయింది. సాయంత్రాలు కిచెన్‌లో కూర్చుని ఆయన ఒక్కో పద్దూ చదివేవాడు, నేను "తీసెయ్యండి" అనేదాన్ని. బాత్రూమ్ పోయింది. అల్మారాలు పోయాయి. చలి ఆపే ఇన్సులేషన్‌నీ కిటికీనీ ముట్టుకోవడానికి మేస్త్రీ ఒప్పుకోలేదు. చివరికి మెట్ల పైన కట్టాల్సిన అడ్డుగోడ, దాని తలుపు మిగిలాయి.

"ఇవి వచ్చే ఏడు పెట్టిద్దామా?" అన్నాడు, నా వంక చూడకుండా.

ఆ గది అడిగిందే తలుపు కోసమని నేను అరవాల్సింది. "తీసెయ్యండి" అన్నాను, కొత్తిమీర వద్దన్నంత తేలిగ్గా. అప్పుడు కోపం కూడా రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే వస్తోంది.

జూన్‌లో పైకి మారాం. హాల్లోని పరదానే తెచ్చి మెట్ల పైన కట్టుకున్నాం.

ఒక ఆదివారం పొద్దున్నే లేచేసరికి పక్కన ఆయన లేడు. పరదా తీస్తే పైమెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మెట్ల పక్కనే ఉన్న కొత్త కిటికీలోంచి అప్పుడే పొడిచిన ఎండ సూటిగా మెట్ల మీద పడుతోంది. ఆయన ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో దాని కవర్ ఉన్నాయి.

"సూర్యుడు ఇటునుంచి వస్తున్నాడే" అన్నాడు. "ఈ కవర్లో మ్యాగ్నెట్ ఉంది. దిక్కులు తిరగేసి చూపించింది. ఇది నైరుతి కాదు, ఈశాన్యం. మేస్త్రీ చెప్పిన చోటే సరైంది. ఉన్నదంతా పోసి నా చేతులతో నేనే..."

నేను పక్కన కూర్చున్నాను.

"పాపకి ఏమీ చెయ్యలేకపోయాను. కనీసం ఇదైనా సరిగ్గా చేద్దామనుకున్నా" అన్నాడు.

పాప అన్న మాట మా ఇద్దరిలో ఎవరి నోటా అంతవరకూ రాలేదు. ఆయన బావురుమన్నాడు. నాకూ ఎక్కడినుంచో తన్నుకొచ్చింది. మా ఏడుపు మెట్లు దిగి బేస్‌మెంట్ దాకా వెళ్లి ఉంటుంది. కింద మాటలు ఆగిపోయాయి.

కాసేపటికి మెట్ల కింది నుంచి మా పడకగదిలో ఉండే ఇద్దరిలో ఒకతె, నల్గొండ అమ్మాయి గొంతు వినిపించింది. "ఆంటీ, చాయ్ పెట్టిన. ఫ్లాస్క్‌లో ఉంది. మేం బయటికి పోతున్నం."

బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా అందరూ వెళ్లిపోయారు. కిటికీలోంచి చూస్తే, షిఫ్టు లేనివాళ్లు కూడా బస్‌స్టాప్‌లో నిలబడి ఉన్నారు. బస్సు వచ్చి ఆగింది. ఎవరూ ఎక్కలేదు.