మాలీల అరుగు

హెల్లా దీవిలో ఇళ్లు పంతొమ్మిది, మనుషులు నలభైకి ఒకరిద్దరు తక్కువ. అంత చిన్న చోట ఒక మనిషితో మాట్లాడకుండా బతకాలంటే చాలా పట్టుదల కావాలి. గిబ్బీ చెల్లెలు ఓస్లాకు ఆ పట్టుదల ముప్ఫై రెండేళ్లు నిలిచింది. అన్నాచెల్లెళ్లిద్దరికీ పెళ్లిళ్లు లేవు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ, ఒకే గిన్నెలో కాగిన ఉప్పుమాంసం సూప్ తాగుతూ, ఆమె అన్నతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. అవసరం పడితే పిల్లితో చెప్పేది.

"చెప్పవే పీరీ, ఆ పెద్దమనిషితో. బూట్లు బయట విప్పమను. ఇది ఇల్లు, గొర్రెల దొడ్డి కాదు."

గిబ్బీ కూడా పిల్లికే జవాబిచ్చేవాడు. "విన్నానని చెప్పవే. నాకింకా చెవుడు రాలేదు."

ఇప్పుడున్న పీరీ మూడో పీరీ. ముందు రెండూ ఈ రాయబారాలు మోసి మోసి ముసలివై పోయాయి. పేరూ ఉద్యోగమూ దీనికి వారసత్వంగా వచ్చాయి.

ఫిబ్రవరిలో ఓస్లా చనిపోయింది. మామూలు జలుబే అనుకున్నారు, అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. బయట గాలివాన. ఆసుపత్రి హెలికాప్టర్ రేపు వస్తుందన్నారు, ఎల్లుండి అన్నారు. ఆఖరి సాయంత్రం గిబ్బీ ఆమె మంచం పక్కనే కూర్చున్నాడు. ఓస్లా అతని వంక చూసింది. పెదవులు కదిపింది. మళ్లీ ఏమనుకుందో, తల పక్కకి తిప్పి పిల్లి కోసం వెతికింది. పిల్లి ఆ సమయానికి కొట్టంలో ఎలుకల వెంట పడి ఉంది. గిబ్బీ వానలో పరిగెత్తి, గడ్డి కింద దూరిన దాన్ని తోక పట్టుకుని లాగి, చంకలో పెట్టుకుని తెచ్చాడు. అప్పటికే ఆమె కళ్లు మూసుకుంది. పిల్లి అతని చంకలో తడిసి వణుకుతోంది. చేరాల్సిన మాట ఏదో చేరకుండానే ఉండిపోయింది.

ఆ మాట ఏమిటో తెలుసని గిబ్బీ నమ్మకం. నిన్ను క్షమించలేదు, అని. అంతకన్నా ఏముంటుంది?

ఆ దీవిలో రేవు వదిలే ప్రతి పడవా మొదట కుడివైపుకు తిరగాలి. పొద్దు ఏ వైపు తిరుగుతుందో ఆ వైపుకు. ఎందుకని ఎవరూ అడగరు. పొరపాటున ఎడమకు తిరిగితే పడవ తెచ్చి కట్టేసి ఆ రోజుకు ఇంట్లో కూర్చోవడమే. గిబ్బీ వాళ్ల నాన్న ఒకసారి హెరింగ్ చేపలు కుప్పలుగా పడుతున్న రోజున అలాగే వెనక్కి వచ్చి, సాయంత్రం దాకా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ నానా తిట్లూ తిట్టింది కానీ, వెళ్లమని మాత్రం అనలేదు.

ఓస్లాకు ముప్ఫై నాలుగేళ్లప్పుడు హాల్వర్ అని నార్వే మనిషి, ఓడలో ఇంజనీరు, రెండు వేసవులు వరసగా వాళ్ల వంటింట్లో టీ తాగి, మూడో వేసవిలో పెళ్లి చేసుకుంటానన్నాడు. అతని ఓడ గురువారం సాయంత్రం లెర్విక్ రేవు నుంచి బయలుదేరుతుంది. ముందు రోజు ఉదయం గిబ్బీ చెల్లెల్ని నాన్న పాత పడవలో అక్కడ దింపి రావాలి. ఓస్లా పడవ ముందు నిలబడి గెడతో రేవు గోడను నెట్టింది. గిబ్బీ పడవ వెనక ఉండి ఒక చెయ్యి చుక్కాని మీద వేసి, వంగి ఇంజను తాడు లాగాడు. మూడోసారికి అంటుకుంది. తల ఎత్తేసరికి పడవ ముక్కు ఎడమకు తిరిగిపోయి ఉంది.

"తిరిగిపోయింది," అన్నాడు గిబ్బీ.

ఓస్లా గెడ లోపల పెట్టింది. పడవ కట్టేశారు. మర్నాడు వెళ్దామనుకున్నారు. కానీ ఆ మధ్యాహ్నమే పొగమంచు దిగింది, దాని వెనకే గాలి. తొమ్మిది రోజులు దీవి నుంచి ఎవరూ కదల్లేదు. పోస్టాఫీసు ఫోనులో హాల్వర్, "రావాలనుకుంటే వచ్చేదానివి" అన్నాడట. ఓస్లా ఇంటికొచ్చి కెటిల్ పొయ్యి మీద పెట్టి, మొదటిసారి పిల్లితో మాట్లాడింది. టీ పెట్టానని చెప్పవే, అంది.

చుక్కాని గిబ్బీ చేతిలో ఉంది. చెయ్యి ఎడమకు వాలిందా? కావాలని వాల్చలేదు. కానీ ఆ ఉదయం రేవుకు నడుస్తూ, ఇది వెళ్లిపోతే ఈ ఇంట్లో నేనొక్కణ్నే కదా అనుకున్న మాట నిజం. పడవ కట్టేస్తుంటే లోపల ఎక్కడో హాయిగా అనిపించిన మాటా నిజం. అందుకే చెల్లెలి మౌనానికి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. చేసిన పనికి తగిన శిక్షే పడిందనుకుని, నోరు మూసుకుని అనుభవించాడు.

శిక్ష ఇంట్లోనే అయితే బాగుండేది. ఇరవై ఏళ్ల కిందట పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఇద్దరూ కలిసి 'జెస్సీ మీనా' అనే పెద్ద పడవ కొన్నారు. ఆ కొనుగోలు బేరం కూడా పిల్లి సమక్షంలోనే జరిగింది. పడవ వెనక అద్దాల గదిలో చుక్కాని దగ్గర గిబ్బీ, ముందు జనం మధ్య ఓస్లా. ఆమె కథలు చెప్పేది, వాళ్లు విరగబడి నవ్వేవాళ్లు. ఇంజను రొదలో గిబ్బీకి ఒక్క ముక్క వినపడేది కాదు. కొండ చివర, నీటికి రెండు నిలువుల ఎత్తులో ఒక రాతి అరుగు ఉంది. మాలీలనే పక్షుల జంట అక్కడ కాపురం. ఆ అరుగు దగ్గరికి రాగానే నవ్వులు ఆగిపోయేవి. ఓస్లా ఏదో చెప్పేది. చెప్పి వెనక్కి తిరిగి అతణ్నే చూసేది. ఆమెతోపాటు పడవలో అందరూ తిరిగి చూసేవాళ్లు.

ఏం చెబుతోందో గిబ్బీకి వినక్కర్లేదు. నా బతుకు పాడు చేసినవాడు వీడే, అని చూపిస్తోంది. రోజూ కొత్త జనం ముందు రోజూ కొత్తగా ఉరి తీస్తోంది. అతను తల దించుకుని, వేగం పెంచే లివర్ ముందుకు తోసేవాడు. పడవ అరుగు దాటిపోయేది.

మే నెలలో పోస్టాఫీసు ఎర్టీ చీటీ పట్టుకుని ఇంటికొచ్చాడు.

"శనివారానికి పదకొండు మంది. ఎప్పుడో శీతాకాలంలోనే చెప్పి పెట్టుకున్నారు."

"రావద్దని చెప్పు," అన్నాడు గిబ్బీ.

"నేనెందుకు చెప్పాలి? నోరు నీకు లేదా?"

"ఉంటే ఇన్నాళ్లూ ఆ అద్దాల గదిలో ఎందుకు నిలబడతాను?"

"ఒరే గిబ్బీ, పక్షులు నీ కోసం ఆగవు, గుడ్లు పెట్టేశాయి. నువ్వు వేలు పెట్టి చూపిస్తే చాలు. మిగతాది వాళ్ల దుర్భిణులు చూసుకుంటాయి. ఇంట్లో కూర్చుని పిల్లి మొహం చూసేకన్నా నయం కదరా!"

ఎర్టీ నోరు ఎప్పుడూ మంచిది కాదు, కానీ ఈసారి నిజమే చెప్పాడు. మూడు నెలలుగా గిబ్బీ పిల్లితో కూడా మాట్లాడలేదు. దానితో చెబితే ఎవరికి చేరుతుంది?

శనివారం సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. గిబ్బీ పడవను కుడివైపు తిప్పి, అద్దాల గది తలుపు తీసిపెట్టి, ఇంజను మీదుగా గొంతు పెంచాడు.

"అదిగో, పఫిన్!" అన్నాడు.

అందరూ ఆ పక్షి వైపు చూశారు. ఇంకేమైనా చెబుతాడేమోనని ఆగారు.

"అది కూడా పఫినే," అన్నాడు గిబ్బీ.

నిజానికి అతనికి ఆ కొండలో ప్రతి పగులూ తెలుసు. నల్లకోటు లాంగ్వీ పక్షులు ఏ రాతిమెట్టు మీద ఎన్ని కూర్చుంటాయో, నెత్తి మీదికి దూసుకొచ్చే బాంక్సీలు పక్షుల జ్వరానికి ఎన్ని పోయాయో, ఏ గూళ్లు ఇంకా ఖాళీగా ఉన్నాయో అన్నీ తెలుసు. తెలిసినదాన్ని మాటల్లో పెట్టడమే చేతకాదు. ఓస్లా అయితే ఈపాటికి సగం మందిని ఏడిపించి, సగం మందిని నవ్వించి ఉండేది. పడవ ముందు ఆమె నిలబడే చోట ఎవరో తడి సంచి పెట్టారు. దాన్ని తీయమందామనుకుని, ఏమని చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

మాలీల అరుగు దగ్గర ఆగకూడదని ముందే నిర్ణయించుకున్నాడు. అది కనిపించగానే వేగం పెంచబోయాడు. అంతలో ఒక పెద్దావిడ ఊతకర్ర పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. మిస్ ఫార్కర్, అబర్దీన్‌లో పంతులమ్మగా చేసి రిటైరయింది. ఈ పడవ ఎక్కడం ఇది ఐదోసారి.

"గిబ్బీ గారూ, ఇక్కడ ఆపరా? మీ చెల్లెలు గారి కథ ఇక్కడే కదా."

గిబ్బీ చెయ్యి లివర్ మీదే ఉండిపోయింది. వేగం తగ్గించాడు, ఇంజను ఆపలేదు. అరుగు మీద ఒక మాలీ గుడ్డును పొదుగుతోంది. బూడిద వీపు, తెల్లటి పొట్ట, చూస్తే ఎంత అమాయకమో. దగ్గరికెళ్తే గొంతులోంచి నూనె ఉమ్ముతుంది. ఆ కంపు అంటిన కోటును పూడ్చిపెట్టాల్సిందే. రెండోది సముద్రం మీంచి వచ్చి పక్కన వాలింది. రెండూ మెడలు చాచి గట్టిగా అరుచుకోవడం మొదలుపెట్టాయి.

"ఆ కథ మీకు వచ్చే ఉంటుంది, చెప్పండి," అన్నాడు గిబ్బీ. ఇక ఎలాగూ తప్పదు. ఉరి వేస్తే వేయనీ.

"మేం పోట్లాట అనుకున్నామండీ. ఓస్లా నవ్వింది. 'పోట్లాట కాదమ్మా, మూడు రోజుల తర్వాత ఇంటికొచ్చి పలకరించుకుంటున్నాయి. వీటికి మెల్లగా మాట్లాడ్డం రాదు' అంది. 'మా ఇంట్లో ఆ మాత్రం కూడా లేదు' అంది. తర్వాత ఆ నార్వే ఆయన సంగతి చెప్పింది. పడవ ఎడమకు తిరిగిన సంగతీ."

"చెప్పే ఉంటుంది. నేను తిప్పానని."

మిస్ ఫార్కర్ అతని మొహంలోకి చూసింది.

"లేదండీ. 'గెడ నా చేతిలో ఉంది, అన్నయ్య వంగి తాడు లాగుతుంటే ముక్కును ఎడమకు నెట్టింది నేనే' అని చెప్పింది. ఆ ఓడ ఎక్కాలంటే భయమేసిందట. వెళ్లనని నోటితో అనలేక అలా చేసిందట. 'ఆ రోజే చెబుదామంటే సిగ్గేసింది. వారం పోయాక ఇంకా సిగ్గేసింది. కోపం వచ్చినట్టు ఉండిపోవడమే తేలికయింది. అలా అలవాటైపోయింది' అంది. మీకు తెలియదా? మీ ముందే కదండీ ప్రతిసారీ చెప్పేది."

గిబ్బీ తల తిప్పి అరుగు వైపు చూశాడు.

"చెప్పి వెనక్కి తిరిగి మిమ్మల్నే చూసేది. 'ఇవాళ ఇంజను ఆపాడంటే ఇవాళే చెప్పేస్తాను' అనేది. మేమంతా కూడా ఆపుతారేమోనని చూసేవాళ్లం."

గిబ్బీ చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. ఇన్నేళ్లలో ఆ అరుగు దగ్గర ఇంజను ఆగడం అదే మొదలు. ఒక్కసారిగా కొండంతా వినపడింది. వేల పక్షుల గోల, రాళ్ల కింద నీళ్ల చప్పుడు, ఆ రెండు మాలీల గొంతులు. ఇరవై వేసవులు. వేసవికి యాభై ట్రిప్పులు. అన్నిసార్లు ఆమె తిరిగి చూసింది. అన్నిసార్లూ తను తల దించుకుని లివర్ తోశాడు. ముక్కూ మొహం తెలియని జనానికందరికీ తెలిసిన మాట, ఆమె పక్కగదిలో పడుకునే తనకొక్కడికే తెలియదు. గిబ్బీ అద్దంలోంచి పడవ ముందువైపు చూశాడు. అక్కడ తడి సంచి ఉంది. డెబ్భై ఒక్కేళ్ల మనిషి, పదకొండు మంది చూస్తుండగా చుక్కాని పట్టుకుని ఏడ్చాడు.

ఎవరూ తొందర పెట్టలేదు. పడవ అలల మీద మెల్లగా ఊగుతూ అక్కడే చాలాసేపు ఉంది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఏడు, ఎండ ఇంకా ఏటవాలుగా కిటికీలో ఉంది. గిబ్బీ బూట్లు బయటే విప్పాడు. ఓస్లా కుర్చీలో పీరీ ముడుచుకుని పడుకుంది. అతను ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"చెప్పవే పీరీ. తిప్పింది తనే అయితే అయ్యుండొచ్చు, నాకు కోపం లేదని చెప్పు." కుర్చీలో ముందుకు వంగాడు. "కాదు, అంతా చెప్పు. వెనక్కి పోదామని తాడు కట్టింది నేనే. కడుతూ సంతోషపడ్డాను కూడా. తను వెళ్లకపోతే బాగుండునని నేనూ అనుకున్నాను. ఆ మాట నేనూ చెప్పలేదు. నాకూ సిగ్గేసింది. అది కూడా చెప్పు."

పీరీ ఒక కన్ను తెరిచి అతణ్ని చూసింది. లేచి ఒళ్లు విరుచుకుని, కుర్చీ దిగి, తలుపు దగ్గరికి వెళ్లి తియ్యమని అరిచింది. గిబ్బీ లేచి తలుపు తీశాడు. పిల్లి బయటికి వెళ్లిపోయింది. చలిగాలి ఇంట్లోకి కొడుతున్నా అతను చాలాసేపటిదాకా ఆ తలుపు మూయలేదు.