వేగుచుక్కను మోసే ఇత్తడి మెడ

మార్గశిరంలో మాచర్ల ఇళ్ళకు చలి కింది నుంచి ఎక్కుతుంది. పగలంతా ఎండ తాగిన నాపరాళ్ళు చీకటి పడగానే ఆ వేడిని మరిచిపోతాయి. ఆ బండల మీద కూర్చుని రోజుకు నాలుగేసి కుట్టుమిషన్లు విప్పి బిగించే హజ్రా బీకి, మోకాళ్ళలో మొదలైన చలి సాయంత్రానికి వేళ్ళ చివరిదాకా వచ్చేది. అది 1962 డిసెంబరు. క్రిస్మస్ బట్టలతో ఊరి దర్జీలకు ఊపిరాడటం లేదు. వాళ్ళ మిషన్లకూ ఆడటం లేదు.

బయట బోర్డు మీద పేరు ఆమె భర్త సుభానీది. అంగడి ముందు బల్ల దగ్గర కూర్చునేదీ అతనే. మిషను వస్తే చక్రం తిప్పించి, కళ్ళు మూసుకుని వినేవాడు. "షటిలు అరిగింది, రేపు రా" అనేవాడు. ఆ మాట ఎన్నడూ తప్పలేదు. కానీ తొమ్మిదేళ్ళ కిందటి విషజ్వరం పోతూ పోతూ అతని చేతుల్లో వణుకు వదిలిపోయింది. మిషను పరదా వెనక్కి వెళ్ళేది. అక్కడ హజ్రా బీ విప్పేది, కడిగేది, బిగించేది. మర్నాడు సుభానీ దాన్ని బల్ల మీద పెట్టించి, తన చేత్తో బాగుపడ్డదన్నట్టు గుడ్డతో తుడిచి ఇచ్చేవాడు.

ఈ సంగతి వాళ్ళు గడప దాటనివ్వలేదు. తెలిస్తే మిషన్లు రావనే దిగులు కొంత. అంతకన్నా, 'సుభానీ చెయ్యి పడితే చాలు' అని పల్నాడంతా అనుకునే మాటే అతనికి మిగిలిన ఆస్తి. అది పోతే ఆ బల్ల దగ్గర ఏ ముఖంతో కూర్చోవాలో అతనికి తెలియదు. అతని బాధ ఆమెకు తెలుసు, అందుకే అలిసిపోయినా చప్పుడు కానిచ్చేది కాదు.

ఒకరోజు క్రైస్తవ మిషనరీల బడి సైన్సు మాస్టారు దానియేలు గోనెసంచిలో ఒక బరువు తెచ్చి బల్ల మీద పెట్టించాడు. వెంట బడి ప్యూను వెంకటప్పయ్య ఉన్నాడు. సంచిలోది మోచేయంత ఇత్తడి మెడ. ఒకప్పటి దొర వదిలివెళ్ళిన దుర్భిణి దాని మీదే కూర్చుని, అటూ ఇటూ, పైకీ కిందికీ తిరుగుతుంది.

"వేసవిలో బాగానే తిరిగింది సుభానీ భాయ్. చలి పడేసరికి బిగుసుకుపోయింది. క్రిస్మస్ తెల్లవారుజామున ప్రార్థన అయ్యాక అందరికీ వేగుచుక్కను చూపిస్తానని మాటిచ్చాను."

సుభానీ వాసన చూశాడు. "ఏంది మాస్టారూ, ఆముదం వాసనొస్తంది?"

వెంకటప్పయ్య గర్వంగా చెప్పాడు. "కందెన పెట్టా. ఆముదం, గడ్డి మసి, మా అయ్య లెక్క ప్రకారం. బండి ఇరుసుకి పనికొచ్చేది దీనికి పనికిరాదా?"

"ఎడ్లను కూడా కట్టకపోయావా!" అన్నాడు సుభానీ.

పరదా వెనక హజ్రా బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు మొత్తంలో ఆమెకు దొరికిన నవ్వు అదొక్కటే.

మూడు రోజులు పట్టింది. కందెన చలికి గడ్డకట్టిన పాకంలా పళ్ళచక్రాల సందుల్లో కూరుకుపోయింది. కిరోసిన్‌లో నానబెట్టి, వెదురుపుల్లతో ఒక్కో పన్నూ గీకింది. ఇనుప సూది తాకిస్తే ఇత్తడికి గీతలు పడతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వేళ్ళకే తెలుసు. మసి వదిలాక పాత చీర ముక్కతో తుడిచి, తనకు తెలిసిన ఒకే మందు వేసింది: మిషను నూనె. ముక్కలన్నీ కూర్చి, రాత్రంతా పెరట్లో మంచుకు వదిలింది. పొద్దున ఫజర్ నమాజుకు లేచి చూస్తే, మెడ చిటికెన వేలికి తిరిగింది. నీళ్ళలో ఆకు తిరిగినట్టు.

ఆ తేలికే కొంప ముంచింది.

మెడ తీసుకుపోయిన నాలుగో రోజు మాస్టారు మళ్ళీ వచ్చాడు. "దుర్భిణి గొట్టం నిలవటం లేదు భాయ్. చుక్క వైపు ఎత్తి వదిలితే, కునికే ముసలాడిలా తల వాల్చేస్తంది. ఇక్కడ కాదు, గొట్టం బిగించి అక్కడే సరిచూడాలి. నువ్వే రావాలి."

కుట్టుమిషనుకు ఆగకుండా తిరగడమే ఆరోగ్యం. దుర్భిణికి తిరగడమూ కావాలి, తిప్పినచోట నిలవడమూ కావాలి. హజ్రా బీకి ఈ తేడా తట్టలేదు.

సాయంత్రం ఆమె పగిలిన మడమలకు వాసెలిన్ రాసుకుంటూ ఆగిపోయింది. ఇంత చలిలోనూ డబ్బాలోది గట్టిపడలేదు, కారిపోనూ లేదు. వాసెలిన్‌లో మిషను నూనె కలిపి, ఎక్కువా తక్కువగా మూడు పాళ్ళు చేసి, మూడు చుక్కలు ఇత్తడి పళ్ళెం అంచున రాసి పెరట్లో పెట్టింది. తెల్లారి వేలితో చూసింది. మధ్యది మెత్తగా సాగింది, కానీ వేలిని పట్టుకుని వదిలింది.

"మందు దొరికింది. ఎవరు పోతారు?" అంది.

"నేనే పోతా."

"ఏం పెట్టుకుని పోతావయ్యా?"

సుభానీ తన చేతులు చూసుకున్నాడు. "నువ్వూ రా. లాంతరు పట్టుకో. నేను చూసుకుంటాలే."

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, ఇంకా చీకటి ఉండగానే ఇద్దరూ బడి మెట్లెక్కారు. వరండా చివర మూడు కాళ్ళ మీద దుర్భిణి, దాని పక్కన మాస్టారూ వెంకటప్పయ్యా. నల్లమల వైపు నుంచి గాలి వస్తోంది. తూర్పున వేగుచుక్క, తడి కంటిలా పెద్దది.

సుభానీ మెడను బిగించే మర అందుకున్నాడు. అది బండల మీద పడి దొర్లింది. మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ పడింది. మూడోసారి వంగినప్పుడు అతను లేవలేదు. నేల మీది మరను చూస్తూ ఉండిపోయాడు. వెంకటప్పయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మాస్టారు లాంతరు వత్తి సరిచేస్తున్నట్టు నటించాడు.

హజ్రా బీ మర ఏరుకుంది. బురఖా చేతులు పైకి మడిచి, పనిలో కూర్చుంది. పాత నూనె తుడిచి, కొత్తది ఇరుసుకు పలచగా పట్టించి, మెడ బిగించింది. గొట్టం ఎత్తి వదిలితే అక్కడే నిలిచింది. మాస్టారు దాన్ని చుక్క వైపు తిప్పి, "చూడమ్మా, నిలిచిందేమో" అన్నాడు.

చూసింది. అది చుక్కలా లేదు. దుర్భిణిలో వేగుచుక్క కత్తిరించిన గోరంత నెలవంకైంది. చూస్తుండగానే అది అంచుకు జారి, మాయమైంది. మర ఇంకో చుట్టు బిగించి, గొట్టాన్ని చుక్క వైపు తిప్పి మళ్ళీ చూసింది. మళ్ళీ జారింది. ఇంకో చుట్టు. మళ్ళీ.

"కుదరలేదు మాస్టారూ. జారతానే ఉంది. నాకు చేతకాలేదు." తొమ్మిదేళ్ళ అలసట ఆ గొంతులో ఒక్కసారిగా దిగింది.

దానియేలు మాస్టారు మెల్లగా చెప్పాడు. "ఇత్తడి మెడ కదల్లేదమ్మా. భూమి తిరుగుతంది. జారేది మనం."

ఆమె నమ్మలేక గొట్టం కొస పక్కనున్న గోడ మీద లాంతరు మసితో గుర్తు పెట్టి చూసింది. నిజమే. ఇత్తడి వెంట్రుకవాసి కదల్లేదు. అప్పుడు ఎక్కువైన రెండు చుట్లూ వదులు చేసి, బండల మీదే చతికిలబడింది. నిలబెట్టినది నిలిచే ఉన్నా ఇంత అలుపెందుకో ఆమెకు అర్థం కాలేదు.

"చానా బాగా చేశావు సుభానీ భాయ్" అన్నాడు మాస్టారు, మంచి మనసుతోనే. సుభానీ తల వంచుకుని మెట్లు దిగాడు.

ఇంటికొచ్చి ఆమె చాప మీద వాలింది. కళ్ళింకా మూతపడలేదు, బయట దర్జీ యోహాను గొంతు వినిపించింది. "సుభానీ భాయ్, దారం తెగుతంది. ఎల్లుండే పండగ, జర నీ చెయ్యి పెట్టు."

చక్రం తిరిగిన చప్పుడు.

"దారం పట్టే టెన్షను పళ్ళెం వంగింది" అన్నాడు సుభానీ. "చెప్పేది నేను. చేసేది మా ఆవిడ, తొమ్మిదేళ్ళుగా. ఇష్టమైతే పెట్టిపో, లేకుంటే తీసుకుపో."

యోహాను మిషను బల్ల లోపలికి జరిపాడు. "పెట్టిపోతా. సాయంత్రానికి అవుద్దా?"

"ఆమెనే అడుగు."

తొమ్మిదేళ్ళలో ఆమెను ఎవరూ అలా అడగలేదు. ఎప్పుడవుతుందో చెప్పేది అతనే, ఆ వేళకు ముగించేది ఆమె.

"సాయంత్రానికి కాదు," అంది హజ్రా బీ పడుకునే. "రేపు పొద్దునకిస్తా. ఇప్పుడు నేను పడుకోవాలి."

"అట్నే అక్కా," అన్నాడు యోహాను.