జనరల్ సీటులో నిలబడిన మా పెద్దమ్మ

మంగళవారం పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే పెద్దనాన్న ఫోను చేశాడు. "మీ పెద్దమ్మ పోయిందమ్మాయ్. లేచి టీ తాగింది, మంచం మీద ఒరిగింది, అంతే. బస్సెక్కి రా" అన్నాడు. నరసరావుపేట బస్టాండు దాకా ఎలా వెళ్ళానో నాకే గుర్తులేదు.

గురజాల దారిలో, ఊరికి అవతల ఎస్సీలు ఉండే వాడ మా పాలెం. మా పెద్దమ్మ అక్కడి మిరపకోతల ముఠాకు పెద్ద. ముప్పై మంది ఆడవాళ్ళు ఆమె మాట మీద పొలాలకు కదిలేవాళ్ళు. బడి మొహం చూడని మనిషి, పెళ్ళయ్యాక చర్చిలో బైబిలు చదవడానికి అక్షరాలు నేర్చుకుంది. చేలో మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక ఆమె ప్రార్థన చేస్తే గానీ ఎవరూ ముద్ద నోట్లో పెట్టేవాళ్ళు కాదు. ఆ ప్రార్థన గట్టిగా, కళ్ళు తెరుచుకుని చేసేది. "రోడ్డు వేస్తానని ఓట్లడిగి పోయినోడికి కాస్త సిగ్గు ప్రసాదించు ప్రభువా" అని కూడా అందులో కలిపేది. కళ్ళు మూసుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "మూసుకుంటే ఎవడేం చేస్తన్నాడో ఎట్టా తెలుసుద్దే?" అంది.

ఒక విడత మా పంచాయతీ సర్పంచి పదవి ఎస్సీ మహిళకు కేటాయించారు. ఊరి పెద్దాయన, తరతరాలుగా ఊరిని నడిపిస్తున్న ఇంటివాడు, స్వయంగా పెద్దమ్మ వాకిట్లోకి వచ్చాడు. పాలెంలోకి ఆయన కారు రావడం అదే మొదటిసారి. నేను సెలవులకు వచ్చి అక్కడే ఉన్నాను.

"ఏమ్మే, నువ్వు నిలబడాల. నీ మాటను పాలెంలో ఎవరూ దాటరు. పేరు నీది, పనులు మేం చూసుకుంటాం" అన్నాడు.

"నేను బాప్తిస్మం తీసుకున్నదాన్ని గదయ్యా. నాకు ఎస్సీ సర్టిఫికెట్ ఎట్టా ఇస్తారు?"

"అదంతా మేం తెప్పిస్తాంలే. మతం కాడ హిందూ అని రాస్తారు, నువ్వు సంతకం పెట్టు. చర్చికి పోవద్దని నిన్నెవరన్నారు?"

ఈ లెక్క మా దగ్గర అందరికీ తెలిసిందే. క్రైస్తవం పుచ్చుకున్నవాళ్ళకు చట్టం ప్రకారం ఎస్సీ హోదా ఉండదు. అందుకని ఆదివారం చర్చిలో కూర్చునేవాళ్ళలో చాలామంది కాగితాల మీద వేరే మనుషులు. పెద్దమ్మ ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన తాగలేదు. "నేను పెట్టనయ్యా. నా నోటితో ఒప్పుకున్నదాన్ని నా చేత్తో కాదనను" అంది.

ఆయన వెళ్ళాక పెద్దనాన్న మండిపడ్డాడు. "ఒక్క మాటే గదే, కాగితమ్మీద! నువ్వేందో దేవుడికి తెలీదా?"

"తెలుసు. నాకూ తెలుసుగా" అంది పెద్దమ్మ. వారం రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు.

ఇంకొకామె సంతకం పెట్టి సర్పంచి అయింది. ఆమెను ఎవరైనా తప్పుపడితే పెద్దమ్మ ఊరుకునేది కాదు. "ఆమె పిల్లల బతుకు ఆమెది" అనేది. ఆ మాట నాకూ తగిలింది. నా నర్సింగ్ సీటు అలాంటి సర్టిఫికెట్ మీద వచ్చిందే. ఒకరోజు ఆమె ముందు కూర్చుని, నేను తప్పు చేశానా అని ఏడ్చాను. ఆమె నా తల నిమరలేదు, ఓదార్చలేదు. కోపంగా చూసింది.

"బాప్తిస్మం తీసుకుంటే కులం పోద్దని అన్నారు. నిజంగా పోయిందేమోనని మర్నాడే టీ కొట్టు కాడికి పోయా. నాకు గ్లాసు వేరేగానే ఇచ్చారు. మనల్ని అవతల నిలబెట్టేటప్పుడు నీ మతమేందని ఎవడన్నా అడిగాడా? సీటు ఇచ్చేటప్పుడే గుర్తొచ్చిందా? సిగ్గుపడాల్సింది నువ్వు గాదు. పోయి చదువుకో."

మళ్ళీ ఎన్నికలు వచ్చేసరికి మా సీటు జనరల్ అయింది. జనరల్ అంటే పెద్దాయన ఇంటి సీటని ఊరంతా మాట్లాడకుండానే ఒప్పుకున్న సంగతి. పెద్దమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని ఆటో ఎక్కి వెళ్ళి నామినేషన్ వేసింది. ఆమె పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది పెద్దనాన్నే.

పెద్దాయన ఈసారి పాలెంలోకి రాలేదు, రోడ్డు మీద కారాపి పిలిపించాడు. "ఇది మీ సీటు గాదే" అన్నాడు.

"అప్పుడు మా సీటు అన్నప్పుడు నేను పనికిరాలేదు. ఇప్పుడు అందరి సీటంటన్నారు. అందర్లో నేను లేనా అయ్యా?"

ఆ సీజనులో మా ముఠాను ఊళ్ళో ఒక్క రైతూ మిరపకోతకు పిలవలేదు. తెల్లారకముందే ఆటోల్లో మాచర్ల వైపు చేలకు పోవాల్సి వచ్చింది. చర్చిలో ప్రార్థన అయ్యాక పెద్దమ్మ అందరి ముందూ నిలబడి అడిగింది: "నా మూలాన మీ పనులు పోతన్నాయి. తప్పుకోమంటే తప్పుకుంటా." ముఠాలో అందరికంటే పెద్దావిడ లేచి, "తప్పుకున్నావంటే రేపట్నుంచి నీ ఎనక పనికి రాం" అని కూర్చుంది. అంతే, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రాలు పెద్దనాన్న ముందు నడుస్తూ ఇంటింటికీ కత్తెర గుర్తు చూపించాడు. ఊళ్ళో కొన్ని తలుపులు వాళ్ళ మొహం మీదే మూసుకున్నాయి. మూసిన తలుపు ముందు కూడా ఆమె నిలబడి, చెప్పాల్సింది చెప్పే కదిలేదట.

ఓడిపోయింది. దగ్గరగా కూడా రాలేదు. ఆ ఆదివారం పాస్టరుగారు ఓదార్పు ప్రార్థన మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది. "ఓడిపోయానని ప్రార్థన వద్దండీ. నిలబడినందుకు కృతజ్ఞత చెప్పండి."

అయితే లెక్కింపులో ఒక సంగతి బయటపడింది. పాలెంలో ఉన్న ఓట్ల కంటే ఆమెకు ఎక్కువ పడ్డాయి. ఊళ్ళో ఎవరు వేశారో ఎప్పటికీ తెలియలేదు. పెద్దమ్మ మాత్రం ఆ తర్వాత ఊళ్ళో ఎవరు ఎదురొచ్చినా నవ్వుతూ దణ్ణం పెట్టేది. కిరాణా కొట్టామెకు, ట్రాక్టరు తోలేవాడికి, తలుపు మూసినవాళ్ళకు కూడా. "వాళ్ళకెందుకు పెద్దమ్మా?" అని విసుక్కుంటే, "ఏమో, ఇంట్లో గడియపెట్టుకున్నా, పోలింగ్ బూత్‌లో ముద్ర నాకే గుద్దారేమో! ఒక్కరికి దణ్ణం పెట్టకపోయినా, ఆ ఒక్కరే నాకు ఓటేసినోళ్ళు కావచ్చు" అంది.

సర్పంచి కాని మనిషి పంచాయతీ ఆఫీసుకు వెళ్ళినన్ని సార్లు సర్పంచి వెళ్ళి ఉండడు. పాలెం వీధిలో కుళాయి వచ్చిందంటే ఆమె ఆ మెట్ల మీద కూర్చున్న కూర్చోవడమే కారణం.

మొన్న నాలుగు రోజుల సెలవులో ఆమెను చూశాను. అదే చివరిసారి. తిరుగు ప్రయాణంలో నన్ను రోడ్డు దాకా సాగనంపింది. పాలెం దగ్గర స్టేజీ ఉంది గానీ బస్సులు అక్కడ ఆపవు, ఊరి సెంటర్లోనే ఆపుతాయి. నడిచి వెళ్తానులే అన్నాను. ఆమె వినలేదు. బస్సు కనపడగానే తారు రోడ్డు మధ్యలోకి నడిచి వెళ్ళి చెయ్యెత్తి నిలబడింది. బస్సు కీచుమంటూ ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏందమ్మా, చస్తావా?" అని అరిచాడు. "ఇది స్టేజీ నాయనా. పిల్ల ఎక్కాల" అంది, అరవకుండా.

నేను ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. పెద్దమ్మ ఇంకా బస్సుకు అడ్డంగా అక్కడే ఉంది. వెనక లారీ హారను మోగుతోంది. నేను సీట్లో కూర్చున్నానో లేదో చూసుకుని, అప్పుడు, నింపాదిగా, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని రోడ్డు దిగింది.