తిరిగొచ్చిన రవ్వల కమ్మలు

పురుషోత్తం కొట్లో రవ్వలకు దోషం ఉందని, అవి ఏ ఇంటికి వెళ్లినా ఆ ఇంటివాళ్లకు పడక తిరిగొస్తున్నాయని మా బోయిన్‌పల్లి బజారులో నాలుగు నెలలుగా చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. అసలు సంగతి నేను కనుక్కున్నాను కాబట్టి రాస్తున్నాను. ఇళ్ల పేర్లు రాయను, మా ఇల్లు తప్ప.

పురుషోత్తంది తండ్రి పెట్టిన చిన్న బంగారం కొట్టు. ముగ్గురు కూర్చుంటే నాలుగో మనిషి గడప మీద నిలబడాలి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మాట తక్కువ. వజ్రం అందరికీ పడదని మన నమ్మకం కదా, అందుకని అతని దగ్గర ఒక పద్ధతి ఉంది. రవ్వల కమ్మలు నచ్చితే పైసా తీసుకోకుండా గులాబీరంగు కాగితంలో చుట్టి చేతిలో పెడతాడు. మూడు రోజులు పెట్టుకుని చూడొచ్చు. పీడకల వచ్చినా, ఇంట్లో గొడవైనా వెనక్కి ఇచ్చేయొచ్చు. వెనకటికి ఎక్కడో ఒకరు ఇచ్చేవారు. మెయిన్ రోడ్డు మీద సగం ధరకే వజ్రాలంటూ పెద్ద షోరూం తెరిచాక, వెళ్లిన ప్రతి జతా వెనక్కి రావడం మొదలైంది.

రిటైరైన టీచరు కామేశ్వరమ్మ మనవరాలి పెళ్లికని అతనికి రవ్వల నెక్లెసు చెప్పింది. ఈ ఏడాది అతనికొచ్చిన పెద్ద పని అదొక్కటే. ఇప్పుడు వద్దనుకుంటోందని తెలిసి కూరగాయల మార్కెట్లో పట్టుకున్నాను.

"దోషం తీస్కపోయి పిల్ల మెడల వెయ్యమంటవా?" అంది. "పదకొండిండ్లకు పోయినయ్. ఒక్కలకన్న పడ్డయా?"

"ఏమైందట ఆ ఇండ్లల్ల? కాలు విరిగిందా, జెరమొచ్చిందా?"

"పడలేదన్నరు, అంతే. పోలీసోళ్ల లెక్క అడుగుతవేందమ్మా నువ్వు."

పడలేదంటే ఏదో ఒకటి జరిగి ఉండాలి. అదేమిటో తెలియకపోతే నాకు అన్నం సయించదు. బయల్దేరాను. ఒక ఇంట్లో పెరుగు తోడుకోలేదన్నారు. ఇంకో ఇంట్లో మిక్సీ కాలిపోయిందట. ఆ మిక్సీ నాకు తెలుసు, ఏడాదిగా పొగలు కక్కుతోంది. మూడో ఇంటావిడ నన్ను చూడగానే కొంగు చెవుల మీదికి లాక్కుంది. మే నెల, కరెంటు లేదు, ఆ ఉక్కలో కొంగెందుకు?

జాకెట్లు కుట్టే నూర్‌బీ దగ్గరికి వెళ్లాను. మెడ కొలిచే మనిషికి చెవులు కనబడకుండా ఉండవు.

"నా నోరెందుకు తెరిపిస్తరమ్మా," అంటూనే పళ్ల మధ్య నుంచి గుండుసూది తీసి పక్కన పెట్టింది. "పదకొండు మందిల తొమ్మిది మందికి కొత్త రవ్వలున్నయ్. అన్నీ ఆ పెద్ద షోరూంవే. రవ్వ పడుతదా లేదా అని పురుషోత్తం దాంతోని చూస్కున్నరు, సగం ధరకు ఆడ కొన్నరు."

"నీకెట్ల ఎర్క?"

"వాళ్లే చెప్పిన్రు, ఖుషీగ. మీ కోడలు సుత."

మా అనుపమ. దాని చెవులకున్నవి ఆన్‌లైన్‌లో తెప్పించిన మామూలు రాళ్లని నాతో చెప్పింది, నమ్మాను. అంతకంటే ముందు, పడలేదని అది ఇచ్చిన గులాబీ పొట్లం తీసుకెళ్లి "పడలేదు నాయనా" అని పురుషోత్తం చేతిలో పెట్టి వచ్చింది నేనే.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అడిగాను. బ్యాగు సర్దుకుంటూ చెప్పింది.

"రేటు ఎక్కువ అననీకి మొహమాటమైంది అత్తమ్మా. పడలేదంటే ఎవ్వరికీ తక్లీఫ్ ఉండదనుకున్న."

తక్లీఫ్ ఉందో లేదో చెప్పాల్సింది పురుషోత్తం. మర్నాడు కొట్టు తెరవగానే వెళ్లి కూర్చున్నాను. భూతద్దం కన్నుకు పెట్టుకుని ఎవరిదో ముక్కుపుడక చూస్తున్నాడు.

"పురుషోత్తం, నీ రవ్వలు ఎందుకు తిరిగొస్తున్నయో నీకు ఎర్కనా?" అన్నాను. "ఎర్కుంటే నోరెందుకు విప్పవు? కామేశ్వరమ్మ నెక్లెసు సుత పోయేటట్టుంది."

భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎర్కే అక్కా. పడనోళ్లు మొదటి దినమే తీసి పక్కన పెడ్తరు, రవ్వ పోయినట్టే వస్తది. మూడు దినాలు చెవులకుంటే జిడ్డు పడ్తది. తొమ్మిది జతలు జిడ్డుతోనే వచ్చినయ్, మీ ఇంటిది సుత. సంబురంగ పెట్టుకున్నరు. నేనే కడిగి పెట్టిన. నోరు విప్పితే తొమ్మిది ఇండ్లోళ్లు అబద్ధమాడిన్రని చెప్పినట్టే గద. నెక్లెసు పోతే ఒక్క పని పోతది. ఆ ఇండ్లు పోతే ఇంకెవరి కోసం దుకాణం తెరవాలె? నిన్న అనుపమ బండి మీద పోతుంటే చూసిన, ఎడమ చెవి కమ్మ వాలింది, మర వదులైనట్టుంది. ఊడిపోకముందే ఒక్కసారి ఇటు పంపు."