డ్రా కాగితం మీద పగ

ఏటా డిసెంబరు రాగానే మా స్టాఫ్ రూముకు ఒక పిచ్చి పట్టుకుంటుంది. జిల్లాలోని కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీలు మా గ్రౌండులోనే జరుగుతాయి. ప్రిన్సిపాల్ గారి గదిలో స్టీలు గ్లాసులో చీటీలు వేసి ఎవరితో ఎవరు ఆడాలో డ్రా తీస్తారు. సాయంత్రానికల్లా ఆ డ్రా కాగితం జిరాక్సు కాపీలు మా అందరి చేతుల్లోనూ ఉంటాయి. ఎడమ అంచున కాలేజీల పేర్లు జంటలు జంటలుగా ఉంటాయి. ఒక్కో జంట నుంచి ఒక గీత పక్కకు పోతుంది. ఆ జంటలో ఎవరు గెలుస్తారనుకుంటే వాళ్ళ పేరు ఆ గీత మీద రాయాలి. అట్లా నింపుకుంటూ పోతే కుడి అంచున ఒకే ఒక్క పేరు మిగులుతుంది. ఆటలు మొదలయ్యేలోపు కాగితం పూర్తి చేసి బీరువా పక్క గోడకు అంటించాలి. పెన్సిలు పనికిరాదు. కొట్టివేతలు చెల్లవు.

ఆట గురించి మా వాళ్ళకు ఓనమాలు కూడా రావు. బోటనీ మేడమ్ తన చుట్టాలున్న ఊళ్ళను గెలిపిస్తుంది. అత్తగారి ఊరిని మాత్రం మొదటి రౌండులోనే ఇంటికి పంపిస్తుంది. కోవూరు దగ్గర పొలాలున్న కామర్స్ సారు ఏ ఊరి వడ్లు ఆ ఏడు బాగా పండితే ఆ ఊరి పిల్లలే బలంగా ఉంటారని వాదిస్తాడు. తెలుగు మాస్టారు కళ్ళు మూసుకుని రాస్తాడు, పైగా అదే గొప్ప పద్ధతి అంటాడు. అయినా ఆ అరగంటసేపు గదిలో చప్పుడుండదు. జీతాల బిల్లు మీద కూడా ఎవరూ అంత శ్రద్ధగా తల వంచరు. ఇంట్లో మన మాట సాగదు, కాలేజీలో అసలే సాగదు. ఆ కాగితం మీద మాత్రం మనం ఎవరిని గెలవమంటే వాళ్ళు గెలుస్తారు, కనీసం మరుసటి రోజు పొద్దుటిదాకా. అందుకే ఎన్నిసార్లు తప్పినా మళ్ళీ డిసెంబరు వచ్చేసరికి అందరూ పెన్నులు పట్టుకుని కూర్చుంటారు.

పందెం ఒకటే. అందరికంటే ఎక్కువ సరిగ్గా రాసినవాళ్ళ పరీక్ష డ్యూటీ ఒకటి, అందరికంటే వెనకపడినవాళ్ళు చెయ్యాలి. ఎండాకాలంలో, కరెంటు పోయిన హాల్లో, కాపీ కొట్టే పిల్లల మధ్య మూడు గంటలు నిలబడడమంటే మాటలు కాదు. ఆ శిక్ష దాదాపు ప్రతి ఏడూ నాకే పడేది.

విచిత్రమేమిటంటే ఆ గదిలో బాస్కెట్‌బాల్ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మిగతా ఆటలన్నీ దాదాపు సరిగ్గానే రాసేదాన్ని. కానీ నెల్లూరు టౌనులో నేను చదువుకున్న కాలేజీ పేరు ఎక్కడ కనిపించినా, దాన్ని మొదటి ఆటలోనే ఓడించేదాన్ని. ఆ కాలేజీయేమో ఏటా ఫైనలు దాకా వెళ్ళేది, చాలాసార్లు కప్పు కూడా పట్టుకుపోయేది. దాంతో, ఒక్కో పేరుకు ఎక్కువ మార్కులుండే కుడివైపంతా నా కాగితంలో తప్పులతో నిండిపోయేది.

"సొంత కాలేజీని ఓడగొట్టుకుంటారేందక్కా? డ్యూటీలంటే అంత ఇష్టమా?" అని బోటనీ మేడమ్ నవ్వేది.

ఇష్టం డ్యూటీల మీద కాదు. ఆ కాలేజీ పీడీ సారు మీద నాకున్న కసి మీద.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆయనే అక్కడ ఫిజికల్ డైరెక్టరు. మాది ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు పల్లె. మా నాయన రొయ్యల గుంటల మీద మేత చల్లే పని చేసేవాడు. నేను పొట్టిగా ఉన్నా పరుగులో ముందుండేదాన్ని, బంతి చేతికొస్తే ఎవరికీ దొరికేదాన్ని కాదు. పీడీ సారు నన్ను టీములోకి తీసుకున్నాడు, కాలేజీ బనీను ఇచ్చాడు. ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆడేవాళ్ళకు నీళ్ళు పొయ్యడం, తువ్వాళ్ళు అందించడం, సంచులు బస్సు దాకా మొయ్యడం నా పని. "ఈసారి దించుతా"నని ప్రతిసారీ అనేవాడు. ఆ మాట నమ్మి నేను ప్రతి ఆటకూ లేసులు గట్టిగా బిగించి కట్టుకునేదాన్ని.

ఒకసారి ఆ మాటే నమ్మి మా నాయనకు చెప్పాను. ఆయన గుంటల యజమానిని బతిమాలి సెలవు పెట్టి, ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని, తనతో పాటలు పాడే స్నేహితులను ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. కూతురు ఆడుతుందని వాళ్ళకు దారి పొడుగునా చెప్పి ఉంటాడు. ఆట మొదలైనప్పటి నుంచీ అవతల గట్టు మీద నుంచి ఎప్పుడు దిగుతావని చేత్తో అడుగుతూనే ఉన్నాడు. నేను ఇదిగో ఇప్పుడే అన్నట్టు తల ఊపుతూనే ఉన్నాను. మేం చాలా ముందున్నాం. ఓడిపోయే ప్రమాదమేమీ లేదు. నన్ను దించితే పీడీ సారు సొమ్మేమీ పోదు. లేచి వెళ్ళి అడిగాను.

"సార్, మా నాయన వచ్చినాడు. కాసేపు దించండి సార్."

ఆయన నా ముఖం కూడా చూడలేదు. "పోయి ఐసు పట్టుకురా, కెప్టెనుకు మడమ బెణికింది" అన్నాడు.

ఐసు కోసం రోడ్డు దాటి వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఆట అయిపోయింది. మా నాయన ఇంకా గట్టు మీదే ఉన్నాడు, నేను ఐసుగడ్డ మోసుకొస్తుంటే చూస్తున్నాడు. బస్సులో ఆయన స్నేహితులు "మళ్ళీసారి ఆడతాదిలే" అన్నారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత నా ఆట గురించి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. నేనే టీము మానేశాను.

పగను దేవుడికి వదిలెయ్యమని చర్చిలో చెబుతారు. నేనూ వదిలేశాను. ఆయనకు బోలెడు పనులున్నట్టున్నాయి, ఎన్నేళ్ళయినా ఈ ఫైలు కదల్లేదు. ఇక లాభం లేదని డ్రా కాగితం మీద నేనే మొదలుపెట్టాను. ఆ పీడీ సారు పిల్లలు ఒక్కసారి మొదటి ఆటలో ఓడి, తలవంచుకుని బస్సెక్కితే చాలనుకున్నాను. అది నా చేత్తో ముందే రాసి, గోడ మీద పదిమందికీ కనబడేలా ఉండాలి. అంతకుమించి నాకు ఏ కోరికా లేదు.

పోయిన డిసెంబరులో తెలిసింది, ఆయన ఎండాకాలంలో రిటైరవుతున్నాడని. అంటే ఆయన మా గ్రౌండుకు రావడం అదే ఆఖరు. ఇన్నేళ్ళూ పరీక్ష హాళ్ళలో చెమటలు కక్కింది ఎందుకు, ఆయన కప్పు పట్టుకుని, దండ వేయించుకుని, దర్జాగా వెళ్ళిపోవడానికా? డ్రాలో ఆయన కాలేజీకి చిట్టమూరు వైపు నుంచి మొదటిసారి వస్తున్న ఒక కొత్త కాలేజీ తగిలింది. అందరూ కళ్ళు మూసుకుని పీడీ సారు టీము పేరు రాశారు. నేను పెన్ను గట్టిగా ఒత్తి చిట్టమూరు పిల్లల పేరు రాశాను. "ఈసారి కూడా డ్యూటీ మీదే" అని కామర్స్ సారు ముందే సంబరపడ్డాడు.

ఆట రోజు మధ్యాహ్నం క్లాసు తొందరగా ముగించి గ్రౌండుకు పరిగెత్తాను. ఆయనకు జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, ఈల మాత్రం అదే. జ్వరాల వల్ల ఆయన తక్కువమంది పిల్లలతో వచ్చాడు. బెంచీ మీద ఇద్దరే ఉన్నారు. చిట్టమూరు పిల్లలు భయమనేది లేకుండా ఆడుతున్నారు, వాళ్ళ పరుగు చూస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా చివరి క్వార్టరుకు పీడీ సారు టీమే కొద్దిగా ముందుంది. అంతలో వాళ్ళ పిల్ల ఒకతె మడమ పట్టుకుని కూలబడింది, బెంచీ మీద నుంచి ఒకమ్మాయి దిగింది. కాసేపటికి వాళ్ళ కెప్టెను అయిదో ఫౌలు చేసింది, అయిదయితే ఇక ఆడనివ్వరు, బయటికి పోయింది. బెంచీ మీద మిగిలింది ఒక్క పిల్ల. కాళ్ళ దగ్గర నీళ్ళ బాటిళ్ళ సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయనకు ఇక గతిలేదు, ఆ పిల్లను పిలిచాడు.

ఆ పిల్ల లేచి నిలబడిన తీరు చూడగానే నాకు తెలిసిపోయింది. కాళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆటలోకి ఎప్పుడూ దిగనివాళ్ళకు, లోపల అడుగుపెట్టగానే గ్రౌండు బయటి నుంచి కనిపించినంత ఉండదు, నాలుగింతలు కనిపిస్తుంది. చిట్టమూరు వాళ్ళు ఒక్క పాయింటు ముందుకు వచ్చారు. ఇక టైము అయిపోతుందనగా ఎవరో ఆ పిల్లను నెట్టారు, రెఫరీ ఈల వేశాడు. ఆమెకు రెండు ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి బుట్టలోకి వేసేవి. రెండూ వేస్తే పీడీ సారు టీముదే గెలుపు, ఒకటి వేసినా సమానం.

మొదటి బంతి కనీసం ఇనప చక్రాన్ని కూడా తాకలేదు. పడకూడదు, రెండోదీ పడకూడదు అని నేను పైకే అంటున్నాను. రెండోది చక్రం మీద ఎగిరి బయటికి పడింది. చిట్టమూరు పిల్లలు దాన్ని పట్టుకున్నారు, ఆట ముగిసింది. నేను గెంతి చప్పట్లు కొట్టాను. నా పక్కనున్న బోటనీ మేడమ్ చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పేశాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. ఇన్నేళ్ళ కసి ఒక్కసారిగా కడుపులోంచి దిగిపోయినట్టయింది.

అప్పుడు ఆయన అరుపు వినబడింది.

"రెండిట్లో ఒక్కటి ఎయ్యలేకపోయినావే! నిన్ను పిల్చుకొచ్చిన నాకు బుద్ధి లేదు!"

ఆ పిల్ల తలవంచుకుని నిలబడి ఉంది. నా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

"నమస్తే సార్. మీ కాలేజీలో చదువుకున్నా. మీ టీములో ఉండినా, ఇందుకూరుపేట పిల్లని. నీళ్ళు పోసేదాన్ని" అన్నాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ముఖం విప్పారింది. "ఆఁ, గుర్తొచ్చినావమ్మా! మీ నాయన ఆట చూడను వచ్చినాడు కదా? ఎండలో నిలబడుంటే నేనే కుర్చీ ఏయించినా. బాగుండాడా?"

ఆ కుర్చీ సంగతి నాకు తెలియదు. నేను ఐసుకు పోయినప్పుడు వేయించి ఉంటాడు. ఆయన గుర్తుపెట్టుకున్నది అదీ, తన మంచితనం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బాగుండాడు సార్. ఆ రోజు నన్ను ఒక్క నిమిషం దించుంటే ఆయన ఎండలో నిలబడే చూసుండేవాడు. మీ కుర్చీతో పని లేకపోయేది."

చుట్టూ ఉన్న పిల్లలు దగ్గరికి జరిగారు. "కూర్చోబెట్టిన పిల్లకు చేతులు ఎట్ట ఆడతాయి సార్? ఓడింది ఆ పిల్ల కాదు, మీరు" అన్నాను.

"అదంతా నీకు తెలీదులేమ్మా" అని ఆయన అటు తిరిగాడు. "ఏయ్, ఆ బాటిళ్ళ సంచి ఎత్తు. బస్సు టైమయింది."

ఆ పిల్ల వంగి సంచి ఎత్తబోయింది. నేను దాన్ని లాక్కుని ఆయన కాళ్ళ ముందర పెట్టాను. "ఇది మీరు మొయ్యండి సార్" అన్నాను. ఎవరూ కదల్లేదు. ఆయన చుట్టూ చూశాడు, తన పిల్లలను చూశాడు, చివరికి వంగి సంచి భుజానికి తగిలించుకున్నాడు. గేటు దాకా, గేటు దాటి బస్సు దాకా ఆయన ఒక పక్కకు ఒరిగి నడుస్తుంటే నేను అక్కడే నిలబడి ఆఖరి అడుగు దాకా చూశాను. జాలి పడాలనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు.

స్టాఫ్ రూములో నా కాగితం చుట్టూ అందరూ మూగారు. జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. సంచి దగ్గరికి వచ్చేసరికి కామర్స్ సారు బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. అప్పుడు బోటనీ మేడమ్ అడిగింది.

"ఆ పిల్ల పేరేందక్కా?"

నేను ఆ పిల్లను అడగనే లేదు. సంచి ఆమె చేతిలోంచి లాక్కున్నాక, మళ్ళీ ఆమె వైపు చూడనే లేదు.