ఉప్పుకు పోయిన మనిషి

ఆ మాటను మా వంటగదికి తెచ్చింది నేనే. ఇంకొకరి మీదకు తోయడానికి లేదు.

క్రైస్ట్‌చర్చ్‌లో ఒక ఆసుపత్రి వంటగదిలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. రోగుల భోజనం ట్రేలు ఒక బెల్టు మీద మెల్లగా కదులుతూ వస్తాయి. దానికి అటూ ఇటూ మేం నిలబడతాం. ఒకరు సూపు గిన్నె పెడతారు, ఒకరు ఉడికించిన ఆలుగడ్డ, ఒకరు పెరుగు కప్పు. పెరుగు అయిపోయిందని ఎవరైనా కోల్డ్ రూమ్‌లోకి వెళ్లి ఆలస్యం చేశారంటే బెల్టు ఆపాల్సిందే. పదిమందిమీ చేతులు కట్టుకుని గోడ గడియారం చూస్తూ ఉండాలి. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. మా కరీంనగర్ వాళ్లందరూ ఇలాగే ఉంటారా అని మా ఆయన అడుగుతుంటాడు. ఆయనదీ కరీంనగరే.

బెల్టు దగ్గర నా పక్క చోటు అక్కది. అక్కది జమైకా. అరవై దాటాయి. ఇక్కడ చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. నాకు మాత్రం అంత పెద్దామెను పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. మొదటి వారమే ‘అక్కా’ అన్నాను. అంటే ఏమిటని అడిగితే చెప్పాను. “అయితే రోజూ నీకంటే ముందు లంచ్‌కి వెళ్లే హక్కు నాదే” అంది. ఆ రోజు నుంచి వదలకుండా ఆ హక్కు వాడుకుంది. మా ఇద్దరి ఇంగ్లీషూ చెరో వంకర. అయినా ఒకరి మాట ఒకరికి ఇట్టే అర్థమయ్యేది.

అక్క భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టిన పిల్ల, పాతికేళ్లుంటాయి, నన్ను ఆంటీ అంటుంది. వాన పడే రోజుల్లో కారులో వచ్చి మమ్మల్నిద్దరినీ దింపేది. ఒక సాయంత్రం అక్క గొడుగు మర్చిపోయానని మళ్లీ లోపలికి వెళ్లింది. ఎంతకీ రాదు. మేమిద్దరం కారులో కూర్చుని ఎదురుచూస్తున్నాం. నాకు మా అమ్మ తిట్టు గుర్తొచ్చింది. దుకాణానికి పంపితే ఆడుకుంటూ ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని మా అమ్మ “నిన్ను సావుకు తోలాలె” అనేది. చావును పిలుచుకురమ్మని నిన్ను పంపితే అది ఇప్పట్లో రాదు, మేం నూరేళ్లు బతుకుతాం అని దాని అర్థం. పిల్లకు విడమరిచి చెప్పాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వింది.

“మా జమైకాలో కూడా ఒకటుంది ఆంటీ. మా కజిన్లు ఫోన్లో అంటుంటారు” అంటూ తన మాట చెప్పింది. ‘ఫలానాయన ఉప్పుకు పోయినట్టు’ అనేది ఆ మాట. ఎవరైనా పనిమీద వెళ్లి రాకపోతే ఇలా అంటారట. పూర్వం ఎవడో పొయ్యి మీద సూపు ఉడుకుతుంటే ఇప్పుడే ఉప్పు తెస్తానని వెళ్లి, అటునుంచి అటే ఇంకో ఆడదానితో లేచిపోయాడట. ఫలానాయన అన్నచోట ఒక ముద్దుపేరు ఉంది. పలకడానికి భలే ఉంటుంది, నోట్లో బెల్లం ముక్కలా తిరుగుతుంది. దాన్ని ఇక్కడ రాయను. ఇప్పటికే ఆ పేరు చాలామంది నోళ్లలో పడి నలిగింది.

అంతలో అక్క గొడుగుతో వచ్చింది. మా మాట అక్కడితో ఆగిపోయింది.

తర్వాత రెండు రోజులు అక్కకు సెలవు. నాకు కొత్త మాట దొరికింది. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. కోల్డ్ రూమ్‌కి వెళ్లిన వాళ్లను, టాయిలెట్‌కి వెళ్లిన వాళ్లను, ఆఖరికి మా సూపర్‌వైజర్‌ను కూడా వదల్లేదు. ఆ పేరు అందరికీ నచ్చింది. మూడో రోజు అక్క వచ్చేసరికి సమోవా వాళ్లూ ఫిలిప్పీన్స్ వాళ్లూ ఇక్కడి కివీలూ అందరూ అదే అంటున్నారు. అక్కకు నేనిచ్చే సర్‌ప్రైజ్ అనుకున్నాను. మీ దేశపు మాటను ఇక్కడ ఎట్లా పాపులర్ చేశానో చూడు అని మురిసిపోదామనుకున్నాను.

ఆ మధ్యాహ్నం పెరుగు కప్పుల కోసం అక్కే వెళ్లింది. కొంచెం ఆలస్యమైంది. రెండు చేతులతో కప్పుల పెట్టె పట్టుకుని తలుపు తోసుకుని రాగానే, పదిమందీ ఒకే గొంతుతో ఆ మాట అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది నేను.

అక్క పెట్టెను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. గ్లోవ్స్ తీసి చెత్తబుట్టలో వేసింది. వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో బెల్టు నడుస్తుండగా అక్క తన చోటు వదలడం నేను చూడలేదు.

నేనూ వెనకే వెళ్లాను. బ్రెడ్డు లారీలు ఆగే చోట, మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి “ఆ మాట నీకెవరు చెప్పారు?” అంది. చెప్పాను. “నా కూతురా?” అని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత నా ముఖం చూడకుండా, ఎదురుగా ఉన్న ఖాళీ ట్రాలీలను చూస్తూ చెప్పింది.

“ఆయన మా నాన్న.”

అక్కకప్పుడు ఏడేళ్లు. వాళ్ల వైపు శనివారం అంటే సూపు వండాల్సిందేనట. ఆ శనివారం వాళ్లమ్మ గరిటెతో కొంచెం తీసి ఊది, రుచి చూడమని ఈ పిల్ల నోటికి అందించింది. ఉప్పు లేదంది పిల్ల. డబ్బాలో చూస్తే అడుగంటింది. తండ్రి టోపీ పెట్టుకుని, వాగు అవతల దుకాణానికి వెళ్లి ఇప్పుడే వస్తానన్నాడు. రాలేదు. ఆ రాత్రీ రాలేదు, ఆ నెలా రాలేదు. ఆడదానితో పోయాడని ఊరు తీర్పు చెప్పేసింది. పట్నంలో చూశామని ఒకరు, ఇంగ్లాండు ఓడ ఎక్కాడని ఇంకొకరు. చూడనివాళ్లకే సంగతులు ఎక్కువ తెలుస్తాయి కదా. ఏడాది తిరగకముందే ఆయన ముద్దుపేరు సామెతైంది. వాళ్లమ్మ సంతలో నడుస్తుంటే పిల్లలు వెనకనుంచి ఆ మాట అనేవాళ్లట.

తొమ్మిదేళ్ల తర్వాత దుకాణదారు చనిపోయాడు. ఆ స్థలం కొన్నవాళ్లు నీళ్ల తొట్టి కోసం వెనక తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. బెల్టు బకిల్ చూసి అక్క వాళ్లమ్మ గుర్తుపట్టింది. దుకాణదారు భార్య అప్పుడు పోలీసుల ముందు నోరు విప్పింది. దుకాణదారు చేనుకూ అక్క వాళ్ల చేనుకూ మధ్య కంచె గొడవ ఉండేది. ఆ శనివారం దుకాణం వెనక మాటా మాటా పెరిగింది. దుకాణదారు చేతిలో ఏది ఉంటే దాంతో కొట్టాడు. అంతే. శిక్ష పడాల్సినవాడు అప్పటికే పోయాడు కాబట్టి కేసు అక్కడితో ముగిసింది.

“అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది” అంది అక్క. “అందరూ ఏడ్చారు. మరుసటి వారం సంతకు వెళ్తే ఎవరో చేపలమ్ముకునే ఆమె, ఆలస్యంగా వచ్చిన కొడుకును మళ్లీ అదే మాట అంది. నేను పక్కనే ఉన్నానని కూడా చూసుకోలేదు. అప్పటికే అది మా ఊరు దాటిపోయింది. ఇప్పుడు అనేవాళ్లకు ఆయన నిజం మనిషని కూడా తెలీదు.”

తీర్పు మారిందని సామెతకు ఎవరు కబురు పంపుతారు? నాకు ఆ క్షణంలో నా నాలుక కోసుకోవాలనిపించింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. వినడమే గానీ పాటించింది లేదు. అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చాను. తప్పు చేసింది నేను, ఏడ్చిందీ నేనే. అక్కే నన్ను ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

“ఇంత దూరం వచ్చింది పని కోసమే అనుకున్నావా? ఆ మాట వినపడని దేశం చూసుకుని వచ్చాను” అంది నవ్వబోయి.

“మరి నీ బిడ్డ?”

“తాత పొలంలో ప్రమాదంలో పోయాడని చెప్పాను. ఆయన అసలు పేరే చెప్పాను, ముద్దుపేరు చెప్పలేదు. పిల్ల ఆ మాట అన్నప్పుడల్లా దానితో పాటు నేనూ నవ్వుతాను.”

“ఎందుకక్కా? చెప్పేయొచ్చు కదా.”

“చెప్తే, ఉప్పు లేదన్నది ఎవరో కూడా చెప్పాలి.”

లోపలికి వెళ్లి అందరితో, ఆ పేరు చనిపోయిన ఒక మంచి మనిషిది, ఇక అనొద్దు, తప్పు నాది అని చెప్పాను. కారణం అడగలేదు ఎవరూ. మానేశారు. మంచివాళ్లు.

సెప్టెంబరు చివర్లో మాకు పెత్రమాస వచ్చింది. పెద్దల అమావాస్య. ఆ రోజుకు డ్యూటీ మార్చుకుంటుంటే ఎందుకని అక్క అడిగింది. పోయిన పెద్దలకు ఇష్టమైనవి వండి, ఆకుల్లో వడ్డించి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాం, వాళ్లొచ్చి తిని పోతారు అని చెప్పాను. మూడు రోజుల తర్వాత అక్క, సూపు గిన్నెలు పెడుతూ పెడుతూ, తలెత్తకుండా అడిగింది. “మీవాళ్లు కానివాళ్లు కూడా వస్తారా?”

ఇంటికెళ్లి అక్క వాళ్ల నాన్న సంగతి చెప్పి మా ఆయన్ను అడిగాను. బూట్ల లేసులు విప్పుకుంటున్నవాడు తలెత్తి “ఆకలితోని వచ్చేటాయనను పాస్‌పోర్టు అడుగుతమా? రమ్మను” అన్నాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఈ మనిషి మీద నాకు ఇంత ప్రేమ ఎప్పుడు కలిగిందో చెప్పమంటే కష్టం.

పెత్రమాస పడిన ఆదివారం అక్క పెద్ద గిన్నెతో సూపు తెచ్చింది. కూతురు మోసుకొచ్చింది. మేం తినమని తెలిసి ఎద్దుమాంసం మానేసి మేకమాంసంతో చేసింది. గుమ్మడికాయ, కంద, పిండి ఉండలతో పాటు మన బెంగళూరు వంకాయ ముక్కలు కూడా కనిపించేసరికి, ఇది మీకూ ఉందా అని కాసేపు ఇద్దరం చిన్నపిల్లల్లా సంబరపడ్డాం. ఇంట్లో సాంబ్రాణి వేస్తే పొగ అలారం మోగుతుందని ఇంటి వెనక చెక్కల డెక్ మీద అన్నీ సర్దాం. చలిగాలి కొడుతోంది. ఆసియా కొట్లో కొన్న ఫ్రోజెన్ అరటాకులు మంచు కరిగినా ఇంకా చల్లగానే ఉన్నాయి. మూడు ఆకులు మావి. నాలుగోది అక్క తండ్రికి. సూపు ఆకులో నిలవదు కాబట్టి ఆ ఆకులో ఒక గిన్నె పెట్టాం.

మా ఆయన నిప్పుల మీద సాంబ్రాణి చల్లి మా అత్తమామల్ని పేరు పెట్టి పిలిచాడు. “నాయినా, అవ్వా, వచ్చి తినిపోండ్రి.” నేను మా నాయిన్ను పిలిచాను. ప్రతి ఏడూ అనుకుంటాను ఏడవొద్దని. తర్వాత అక్క వంక చూశాను.

అక్క ముందుకొచ్చింది. ఆ ముద్దుపేరు పెట్టి పిలిచింది.

పిల్ల ఫక్కున నవ్వింది. “అమ్మా, ఉప్పుకు పోయినాయన్ను కూడా భోజనానికి పిలుస్తున్నావా?”

నేను ఏదో ఒకటి చెప్పి సర్దేద్దామని నోరు తెరిచాను. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నోరు మూసుకున్నాను.

“ఆయన మీ తాత” అంది అక్క.

నిలబడే చెప్పింది, మొత్తం. కంచె, దుకాణం, తొట్టి గొయ్యి, బకిల్. చెప్తున్నంతసేపూ సాంబ్రాణి పొగ కంట్లో పడుతున్నా పక్కకు జరగలేదు. చివరికి “ఉప్పు లేదన్నది నేనే” అని, ఇక దేనికైనా సిద్ధం అన్నట్టు కూతురి ముఖంలోకి చూసింది. యాభై ఏళ్లకు పైగా ఆ ఒక్క మాటను దాచుకున్న మనిషి.

తను ఆ మాట ఎన్నిసార్లు అన్నదో లెక్కపెట్టుకుంటున్నట్టు పిల్ల పెదవులు కదిలాయి. “నేను నవ్వాను” అంది. “ఇన్నేళ్లూ నవ్వాను. నువ్వు నన్ను నవ్వనిచ్చావు.” తర్వాత తల్లి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. “ఏడేళ్ల పిల్లవమ్మా నువ్వు. లేని ఉప్పు లేదన్నావు. అంతే కదా.”

అక్క నోటినుంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపు అని కూడా అనలేను. కూతురు దగ్గరికి లాక్కుంది.

కాసేపటికి పిల్ల కళ్లు తుడుచుకుని, గరిటె తీసుకుని, నాలుగో ఆకులోని గిన్నె నిండా సూపు పోసింది. “ఆంటీ, ఎలా పిలవాలి?” అని అడిగింది. పేరు పెట్టి పిలువు, వరస కూడా కలుపు, వచ్చి తినమని చెప్పు, నీ ఇష్టమొచ్చిన భాషలో చెప్పు అన్నాను.

పిల్ల నిటారుగా నిలబడింది. ఆ పేరుకు ముందు తాతా అని తన ఇంగ్లీషులో కలిపి, వచ్చి తినమని మెల్లగా పిలిచింది. ఆ పేరును నవ్వు లేకుండా ఒకరు పిలవడం అక్క ఎన్నేళ్లకు విన్నదో.

“ఇంకా గట్టిగా” అంది అక్క. “ఆయనకు ఎడమ చెవి సరిగా వినపడదు.”