గౌరత్త నుదుటి పచ్చబొట్టు

మా చిన్నప్పుడు... గానుగలు ఆగి, బెల్లం దిమ్మలు అనకాపల్లి బళ్ళకెక్కేశాక, పచ్చబొట్లు పొడిచే ఆవిడ మా ఊరొచ్చేది. చేతిలో చిన్న కొబ్బరి చిప్ప, అందులో ఆముదం దీపం మసి కలిపిన ఆకు పసరు. సూదులు దారంతో కలిపి కట్టి ఉండేవి. అరుగు మీద ఆడపిల్లల్ని వరసగా కూర్చోబెట్టేవారు. ఒకతి ఏడిస్తే పక్కపిల్ల నవ్వేది... తన వంతు వచ్చేదాకా.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. తుమ్మపాల పక్కన మా ఊళ్ళో పచ్చబొట్టు లేని పిల్లను వింతగా చూసేవారు. చచ్చాక వెంట వచ్చేది అదొక్కటేనని ముసలమ్మలు చెప్పేవారు. అనకాపల్లి బజారుకు వెళితే మాత్రం అదే పచ్చబొట్టును చూసి పల్లెటూరి మోటు అని మూతి తిప్పేవారు. ఉన్నా మాటే, లేకపోయినా మాటే.

మా గౌరత్తకు, అంటే మా నాన్న చెల్లెలికి, రెండు కనుబొమల మధ్య మినపగింజంత పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు మా నాయనమ్మ దగ్గరుండి పొడిపించిందట. దాని మీదే రోజూ కుంకుమ దిద్దుకునేది.

అత్తను ఎస్. రాయవరం వైపు ఇచ్చారు. పెళ్ళయిన కొద్ది ఏళ్ళకే మావయ్య జ్వరంతో పోయాడు. పదో రోజుకు నాయనమ్మ నన్నూ బండిలో తీసుకెళ్ళింది. అలాంటి చోటికి పిల్లల్ని తీసుకెళ్ళరు... అమ్మ పుట్టింట్లో ఉండి, ఇంట్లో నన్ను చూసేవాళ్ళు లేక తీసుకెళ్ళింది.

కాలవ గట్టున ఆడవాళ్ళు అత్త గాజులు తీశారు. పుస్తె తీశారు. తడిగుడ్డతో కుంకుమ తుడిచారు. కుంకుమ పోయింది. కింద పచ్చబొట్టు ఉంది.

“ఓలమ్మ, ఇంకా ఉందేటే! రుద్దండి,” అంది మావయ్యకు మేనత్త అయిన ముసలమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు.

రుద్దారు. నుదురు కందింది గానీ బొట్టు అలాగే ఉంది.

“అది పచ్చబొట్టప్పా, ఎంత రుద్దినా పోదు,” అంది రుద్దుతున్నామె.

“మొగుడు పోయినదానికి నుదుట బొట్టేటి? ఊరు నవ్వదా? నల్లజీడి అట్టుకురండి. ఓ సుక్క ఎడితే తోలుతో పాటే ఊడొచ్చేత్తాది,” అంది ముసలమ్మ.

నల్లజీడి అంటే బట్టలుతికేవాళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టే గింజ. దాని రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కి పుండవుతుంది. రెండు కళ్ళ మధ్య పెడితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఒకామె నిజంగానే తేవడానికి లేచింది. నాయనమ్మ అడ్డం వెళ్ళబోయి ఆగిపోయింది. వియ్యాలవారి ఊరు, తన కూతురు ఇక ముందు బతకాల్సిన ఇల్లు...

అప్పుడు అత్త తల ఎత్తింది. గొంతు పెంచలేదు.

“గాజులు ఆయన ఏయించేడు, తీసీసేరు. పుస్తె ఆయన కట్టేడు, తీసీసేరు. ఇది ఆయన ఎట్టింది కాదు. మా యమ్మ ఎట్టించింది. మా యమ్మ బతికే ఉంది.”

నల్లజీడికని లేచినామె అడుగు ఆపి వెనక్కి చూసింది.

ముసలమ్మ గౌరత్త అత్తగారి వైపు తిరిగింది. “దీన్నిలాగే ఇంట్లో ఎట్టుకుంటే నాను మీ గడప తొక్కను. మీ ఇంట మంచినీళ్ళు ముట్టను. ఏటంతావు?”

కొడుకు పోయిన మనిషి ఆ అత్తగారు. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

“ముట్టకొదినా. రేపు గానుగ కాడ నాకు సేతులు కావాల గానీ నుదురు కాదు. లెగే గౌరీ, గంజి తాగుదువు గాని.”

అది ప్రేమో, అవసరమో నాకు ఇప్పటికీ తెలియదు. నల్లజీడి మాత్రం రాలేదు.

అంతటితో అందరూ మారిపోయారని చెప్పను. ముసలమ్మ అన్నంత పనీ చేసింది, మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. పనిమీద బయలుదేరినవాళ్ళు అత్త ఎదురైతే వెనక్కి వెళ్ళి కాళ్ళు కడుక్కునేవారు. పెళ్ళిళ్ళకు పిలుపు ఉండేది కాదు. అయినా అత్త కొంగు నుదుటి మీదికి లాక్కోలేదు. జుట్టుకు నూనె రాసి, వెనక్కి దువ్వి ముడేసుకుని, ఊరి మధ్యనుంచే చెరుకు తోటకు నడిచేది. “ఎదురొచ్చీసేవేటప్పా” అని ఒకడు విసుక్కుంటే, “నువ్వే నాకెదురొచ్చేవురా బాబూ, నానూ పనికే ఎల్తన్నాను” అందట. ఆ మాట మా ఊరిదాకా వచ్చింది. నాయనమ్మ చాలా రోజులకు నవ్వింది.

మరుసటేడు పచ్చబొట్లావిడ వచ్చినప్పుడు నేను చెయ్యి చాపలేదు. నుదురు చూపించాను. మా అమ్మకు భయమేసింది. “సేతి మీద సాలదేటే? రేపేదైనా...” అని ఆగిపోయింది. వెనకనుంచి నాయనమ్మ, “నువ్వు పొడువమ్మా” అంది.

నొప్పి బాగానే పుట్టింది. ఏడవలేదని అబద్ధం చెప్పను.

ఇప్పుడు ఆ ఆవిడలు ఎవరూ రావడం లేదు. విశాఖపట్నంలో ఏసీ గదుల్లో మిషన్లతో పొడుస్తున్నారు. మా మనవరాలు మణికట్టు మీద పిట్టను పొడిపించుకుంది. పెళ్ళిచూపులకు పొడుగు చేతుల జాకెట్టు వేసుకోమని చుట్టాలు సలహా చెబుతున్నారు. అది వినలేదు... నేనూ వినమనలేదు.

మా ఆయన పోయినప్పుడు నా కుంకుమ తీశారు. పచ్చబొట్టు జోలికి ఎవరూ రాలేదు. నల్లజీడి మాట ఎత్తే నోరు మా వాళ్ళలో ఎవరికీ మిగల్చలేదు మా అత్త.

మీ ఇంట్లో పెద్దావిడకు చేతి మీదో, గడ్డం మీదో పచ్చబొట్టు ఉంటే... అది ఎవరు పొడిపించారో అడగండి. ఏం చెప్పిందో ఇక్కడ రాయండి. అడిగితే చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు...